కొడిశపాల బెరడు: చెట్టు గుర్తు, ఆపే గుర్తు

రక్తబంక అనే మాట ఇప్పటి పిల్లలకు పెద్దగా తెలియదు. మా చిన్నప్పుడు తొలకరి పడి గెడ్డలోకి కొత్తనీరు దిగిందంటే ఊళ్లో రోజూ వినిపించే మాట అదే. కడుపులో మెలిపెట్టి నొప్పి, గడియకోసారి చెంబు పట్టుకుని పరుగు, జిగటలో కలిసి నెత్తురు. ఊళ్లో ఆసుపత్రి లేదు. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి పోవాలంటే డోలీ కట్టి కొండ దిగాలి. అందుకని ముందు కొడిశపాల చెట్టు దగ్గరికి పోయేవాళ్లు.

మా వీధిలో వరసకు తాత అయ్యే ఒకాయన ఆ బెరడు మందు ఇచ్చేవాడు. ఆయనకు చదువు రాదు. వేలిముద్రే. మందు ఇచ్చే ముందు మాత్రం చాలా ప్రశ్నలు అడిగేవాడు. ఎన్ని పొద్దులైంది? జ్వరం ఉందా? ఒక్కడికేనా, ఇంట్లో అందరికీనా? ఏ నీళ్లు తాగారు? అప్పుడు పోయి బెరడు తెచ్చి, నూరి, మజ్జిగలో కలిపి తన చేత్తోనే తాగించేవాడు. పొట్లం కట్టి ఇంటికి పంపడం నేనెప్పుడూ చూడలేదు. మూడు పొద్దులు ఇచ్చేవాడు. నాలుగో పొద్దుకీ నెత్తురు ఆగకపోతే, "ఇది నా చెట్టు రోగం కాదు, దింపండి" అనేవాడు. దింపండి అంటే డోలీ కట్టి కొండ కిందికి దింపమని.

ఈ వ్యాసం ఆ చెట్టు గురించీ, ఆ చివరి మాట గురించీ. చెట్టు దేశాలు తిరిగింది. చివరి మాట మా ఊరు కూడా దాటలేదు.

కొడిశపాలను పాలకొడిశ అనీ అంటారు. పూల తెలుపును బట్టి గిరిమల్లిక అన్నారు. సంస్కృతంలో కుటజం, హిందీలో కుడా, బెంగాలీలో కుర్చి. గింజలను ఇంద్రయవలు అంటారు. చరక, సుశ్రుత సంహితల్లో అతిసారానికి, నెత్తురు పడే విరేచనాలకు చెప్పిన మందుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. నేటికీ ఆయుర్వేద దుకాణంలో కుటజారిష్టం అని అడిగితే సీసా ఇస్తారు. ఆ సంహితలు రాసినవాళ్లు అడవిలో తిరిగేవాళ్లను అడిగి తెలుసుకున్నారా, వాళ్లే కనిపెట్టారా అని నన్ను పిల్లలు అడుగుతారు. చరక సంహితలోనే ఒక మాట ఉంది: మొక్కల పేర్లు, రూపాలు మేకల కాపరులకు, గొర్రెల కాపరులకు, పశువుల కాపరులకు, అడవిలో తిరిగే ఇతరులకు తెలుసునని. వాడుక తెలిసినవాడే వైద్యుడని కూడా అక్కడే ఉంది. మొదటి సగం చదివి మనం సంతోషపడతాం. రెండో సగం దగ్గర నాకు పేచీ ఉంది. మా తాతకు రూపమూ తెలుసు, వాడుకా తెలుసు.

ఐరోపావాళ్లు ఓడల్లో వచ్చినప్పుడు వాళ్లను ఎక్కువగా చంపింది యుద్ధం కాదు, జ్వరాలూ రక్తబంకా. గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అక్కడే అచ్చు వేయించిన పుస్తకంలో, మలబారు జనం విరేచనాలకు వాడే ఒక చెట్టు గురించి రాశాడు. తర్వాత వంద ఏళ్లకు కొచ్చిలో డచ్చి అధికారి వాన్ రీడ్ మలబారు మొక్కల మీద హోర్టస్ మలబారికస్ అనే పెద్ద గ్రంథం చేయించాడు. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వచ్చింది. మొదటి సంపుటంలోనే మన చెట్టు బొమ్మ ఉంది. దాని పేరు కొడగపాల. మన కొడిశపాలకూ ఆ కొడగపాలకూ ఎంత దగ్గరో చూడండి. ఈ గ్రంథంలో మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. మొక్కల సంగతులు చెప్పిన ఈళవ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ పేరును, ఆయన తన లిపిలో రాసిచ్చిన ధ్రువపత్రాన్ని అందులో అచ్చు వేశారు. ఆ రోజుల్లో అలాంటిది అరుదు. ఆయనకు కొండల్లోంచి కొమ్మలు, కాయలు మోసుకొచ్చినవాళ్ల పేర్లు మాత్రం అందులో లేవు.

ఆ తర్వాత ఈ బెరడు తెల్లిచెర్రి బెరడు, కొనెస్సి బెరడు అనే పేర్లతో ఓడలెక్కింది. కొన్నాళ్లు మంచి పేరు తెచ్చుకుంది. ఆపైన పనిచేయడం లేదన్నారు. ఎందుకు పనిచేయలేదన్నది చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం. పిల్లలకు చెప్పడానికి కూడా ఇది బాగుంటుంది.

కొడిశపాలకు ఒక జంట లాంటి చెట్టుంది. అంకుడు. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే. రెండూ గిల్లితే పాలు కారతాయి. రెండిటికీ ఆకులు ఎదురెదురుగా వస్తాయి, పూలు తెల్లగా ఉంటాయి, కాయలు జంటగా వేలాడతాయి. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలకు పేర్లు పెడుతూ సింహళం నుంచి వచ్చిన ఒక మొక్కకు నీరియం ఆంటీడిసెంటెరికం అన్నాడు. రక్తబంకకు విరుగుడు అని దాని అర్థం. అయితే ఆయన ముందున్నది అంకుడు జాతి మొక్క. మందు ఒక చెట్టుది, పేరు ఇంకో చెట్టుకు పోయింది. 1810 ప్రాంతంలో రాబర్ట్ బ్రౌన్ ఈ రెండిటినీ విడదీసి కొడిశపాలను హోలరీనా అని, అంకుడును రైటియా అని వేరు చేశాడు. కాగితం మీద విడిపోయాయి. మూటల్లో విడిపోలేదు. వ్యాపారులు రెండు బెరళ్లూ కలిపి అమ్మారు. రోగికి దక్కింది ఒక్కోసారి మందు, ఒక్కోసారి బొమ్మల కర్ర బెరడు. ఈ కలగాపులగం వల్లే బెరడుకు చెడ్డపేరు వచ్చిందని తర్వాతి మందుల గ్రంథాల్లో రాశారు.

మా ఊళ్లో పశువులు కాసే పిల్లవాడికి ఈ తేడా తెలుసు. అంకుడు జంట కాయలు ముదిరేదాకా కొనల దగ్గర అతుక్కుని ఉంటాయి, రెండు చేతులు దించి వేళ్లు కలిపినట్టు. కొడిశ కాయలు వేరువేరుగా, సన్నగా, జానెడు పైనే వేలాడతాయి. నోట్లో వేసుకుంటే కొడిశ గింజ విషంలా చేదు, అంకుడు గింజకు అంత చేదు లేదు. ఉత్తరాది మందుల దుకాణాల్లో చేదు ఇంద్రజవ్, తీపి ఇంద్రజవ్ అని రెండు డబ్బాలు ఉండేది ఇందుకే. నాలుకతో తేలే సంగతి తేల్చడానికి ఐరోపాకు అన్నేళ్లు పట్టింది. మనవాళ్లను ఎవరూ అడగకపోవడమే కారణం.

మద్రాసులో పనిచేసిన మొహిదీన్ షరీఫ్ అనే వైద్యుడు ఈ బాధ గుర్తించినవాడు. 1868లో ఇండియన్ ఫార్మకోపియా వచ్చింది. మారేడు కాయ వంటి మన మందులు అందులో చేరాయి. మరుసటి ఏడే ఆయన దానికి అనుబంధం అచ్చు వేసి తెలుగుతో సహా మన భాషల్లో మందుల పేర్లు చేర్చాడు. పేరు తప్పితే మందు తప్పుతుందని ఆయనకు తెలుసు.

అదే కాలంలో మరో రెండు పనులు జరిగాయి. 1858లో హెయిన్స్ అనే ఆయన కొడిశ బెరడులోంచి కొనెస్సీన్ అనే చేదు సారాన్ని విడదీశాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో చెట్టు నరకడమే కాదు, అనుమతి లేకుండా బెరడు వలవడం, ఆకు దూయడం కూడా నేరమని అందులో రాశారు. అంటే బెరడు సారం ప్రయోగశాలకు చేరుకున్న పాతికేళ్లలోనే, అదే బెరడు కోసం కత్తి పట్టిన మా ముత్తాత దొంగ అయ్యాడు. నేను తరగతిలో ఈ రెండు సంవత్సరాలను బోర్డు మీద పక్కపక్కన రాస్తాను. ఎక్కువ వివరించను.

ఇక రోగం సంగతి. చెట్టు ఏదో తేలింది. చెట్టు ఏ రోగానికి అన్నది తేలడానికి ఇంకా టైము పట్టింది. నెత్తురు విరేచనం అన్నది ఒక రోగం కాదు, చాలా రోగాలకు ఒకే వాకిలి. 1875లో రష్యాలో లోష్ అనే వైద్యుడు ఒక రోగి మలంలో అమీబాను చూశాడు. 1897లో జపాన్‌లో షిగా మరో రకం రక్తబంకకు కారణమైన బాక్టీరియాను పట్టుకున్నాడు. వీటికంటే ముందే, 1859లో, లండన్‌లో సామ్యూల్ విల్క్స్ అనే వైద్యుడు చనిపోయిన ఒక స్త్రీ పేగులను పరీక్షించి, పెద్దపేగు లోపలంతా పుండ్లు పడే వేరే జబ్బు గురించి రాశాడు. దాన్నే ఇప్పుడు అల్సరేటివ్ కోలైటిస్ అంటున్నారు. 1932లో అమెరికాలో క్రోన్, ఇద్దరు సహచరులు చిన్నపేగు చివర వచ్చే ఇంకో దీర్ఘకాలపు వాపును వివరించారు. అది క్రోన్స్ వ్యాధి. ఈ రెండిటిలో బయటి పురుగును చంపితే నయమయ్యేది ఏమీ లేదు. ఒంటిని కాపాడవలసిన రక్షణ శక్తే దారి తప్పి పేగు మీద పడుతుంది. కొన్ని నెలలు అణుగుతుంది, మళ్లీ లేస్తుంది.

మన దేశంలోనూ అమీబా కనిపించింది. దానికి బ్రెజిల్ నుంచి వచ్చే ఇపికాక్ వేరు వాడేవారు. 1912లో కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ ఆ వేరులోని ఎమెటిన్‌ను సూదిమందుగా ఇచ్చాడు. బాగా పనిచేసింది. అయితే గుండెకు చేటు చేసేది, సరుకు కూడా బయటిది. అందుకని కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో రామ్‌నాథ్ చోప్రా, ఆయన తోటివాళ్లు 1920, 30లలో దేశీ మందులను వరసగా పరీక్షించారు. అందులో కుర్చి, అంటే మన కొడిశపాల, ముఖ్యమైనది. దాని సారాన్ని బిస్మత్‌తో కలిపి అమీబా రోగులకు ఇచ్చి చూశారు. చోప్రా పుస్తకం 1933లో వచ్చింది. తాత చెప్పింది తప్పు కాదని, ఆయన పుట్టే నాటికే కాగితం మీద ఉందన్నమాట. ఆ తర్వాత శుద్ధి చేసిన కొనెస్సీన్‌ను బిళ్లలుగా ఇచ్చినప్పుడు కొందరికి నిద్ర పట్టక, తల తిరిగి, మనసు కలత పడడం కనిపించింది. ఆకు మందుకు సైడ్ ఎఫెక్టు ఉండదు అనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. 1960లలో మెట్రోనిడజోల్ అమీబాకు వాడుకలోకి వచ్చాక కుర్చి మెల్లగా పక్కకు పోయింది.

ఆ చోప్రాయే రే అనే వైద్యునితో కలిసి 1939లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో, మన దేశంలో దీర్ఘకాలపు అల్సరేటివ్ కోలైటిస్ గురించి వ్యాసం రాశాడు. కుర్చిని బాగా ఎరిగిన మనిషే కుర్చికి లొంగని రోగం ఈ దేశంలోనూ ఉందని చెప్పాడు. అయినా చాలాకాలం ఇది తెల్లదొరల జబ్బు, పట్నం జబ్బు అనుకున్నారు. హైదరాబాద్ వైద్యులు పల్లెల్లో తిరిగి పరీక్షలు చేసి, అక్కడా ఉందని 2023లో ప్రచురించారు.

మా ఇంట్లో మాకు అంతకు ముందే తెలిసింది.

మా అక్క కొడుకు కింద టౌనులో ఇంటర్ చదివేవాడు. హాస్టల్లో ఉండగా నెత్తురు పడడం మొదలైంది. సిగ్గుపడి రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఒక డాక్టరు మలపరీక్ష చేయించకుండానే అమీబా బిళ్లలు రాశాడు, తగ్గకపోతే మళ్లీ అవే రాశాడు. ఇంటికి వచ్చాక తాత బెరడు ఇచ్చాడు. మూడు పొద్దులు చూసి, "దింపండి" అన్నాడు. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. పెద్దాయన చాదస్తం అనుకున్నాం. బావ సంతలో కొడిశ బెరడు పొడి పొట్లాలు కొన్నాడు. అది కొడిశేనో అంకుడో ఎవరికి తెలుసు? పొడి చేశాక కాయ ఉండదు, ఆకు ఉండదు. అయిదు నెలలు ఆ పొడి తాగించాం. నేను టీచర్ని, నేనూ వద్దనలేదు. మన మందును మనమే తీసిపారేస్తే ఎలా అనే పట్టుదల నాది. పిల్లవాడు ముప్పై ఎనిమిది కిలోలకు వచ్చాడు. పాలిపోయి, మెట్టు ఎక్కితే ఆయాసం. చివరికి పెద్దాసుపత్రిలో పేగులోకి గొట్టం పంపి చూసి, ముక్క తీసి పరీక్షించి, అల్సరేటివ్ కోలైటిస్ అన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

ఆ డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. ఏం వాడారని అడిగి రాసుకుంది. ఇంకో సంగతి కూడా చెప్పింది: ఈ జబ్బుకు స్టెరాయిడ్ ఇచ్చే ముందు అమీబా లేదని చూసుకోవాలి, ఉంటే స్టెరాయిడ్ ప్రాణం మీదికి తెస్తుంది, టీబీ పేగుల్లో ఉన్నా ఇలాగే కనిపిస్తుంది అని. అప్పుడు నాకు తాత ప్రశ్నలు గుర్తొచ్చాయి. ఎన్ని పొద్దులైంది, జ్వరం ఉందా, ఇంట్లో అందరికీనా. ఆయన కూడా వేరు చేసి చూస్తున్నాడు, తన దగ్గరున్న పనిముట్లతో.

మరి పేగు వాపు జబ్బులకు మన అడవిలో ఏమీ లేదా? ఉంది, కొలిచి చెప్పవలసినంత. అందుగు చెట్టు జిగురును 1997లో జమ్మూలో పరీక్షించారు. 34 మంది కోలైటిస్ రోగులకు ఆరు వారాలు ఆ జిగురు ఇస్తే 28 మందికి జబ్బు అణిగింది. పోల్చడానికి సల్ఫాసలజీన్ అనే మందు ఇచ్చింది 8 మందికి, అణిగింది ఆరుగురికి. వినడానికి బాగుంది. అయితే ఎనిమిది మంది అంటే మా బడిలో ఒక చాప మీద కూర్చునేంత మంది. అంత చిన్న లెక్క మీద బరువు పెట్టకూడదు. జర్మనీలో అందుగు జిగురును క్రోన్స్ వ్యాధి తిరగబెట్టకుండా ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా ఏమీ చేయలేదని 2011లో తేలింది. నేలవేము సారాన్ని 224 మంది కోలైటిస్ రోగుల మీద ఎనిమిది వారాలు పరీక్షించి 2013లో ప్రకటించారు. ఎక్కువ మోతాదు తీసుకున్న వందమందిలో 60 మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 40 మందికి. జబ్బు పూర్తిగా అణగడంలో మాత్రం తేడా గట్టిగా తేలలేదు. పసుపు సారాన్ని మామూలు మందుతో పాటు ఇచ్చిన జపాన్ పరీక్షలో జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 2006లో రాశారు. ఇందులో 'మామూలు మందుతో పాటు' అన్నదే అసలు మాట. సంతలో పొట్లం అమ్మేవాడు పసుపు ఒక్కటే చెబుతాడు.

తోటి టీచర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. ఇవన్నీ చెబితే పిల్లలకు మన మందుల మీద చిన్నచూపు రాదా అని. నా అనుభవం వేరు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్లో, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద మన సమూహాలకు హక్కు ఉందని రాశారు. హక్కు ఉన్నప్పుడు ఆ జ్ఞానం ఏమిటో మొత్తం చెప్పగలగాలి. బెరడు పేరు ఒక్కటి రాసిస్తే అది పోర్చుగీసు వైద్యుడి పుస్తకంలో నాలుగున్నర శతాబ్దాల కిందటే ఉంది. మన దగ్గర మాత్రమే ఉన్నవి వేరు. ఏ చెట్టు కాదో చెప్పే కాయ గుర్తు, ఎవరికి ఇవ్వకూడదో చెప్పే ప్రశ్నలు, చెట్టు చుట్టూ వలవకుండా ఒక పక్క నుంచే బెరడు తీసే పద్ధతి, మూడు పొద్దుల లెక్క. గ్రామసభలో మొక్కల జాబితా రాసేటప్పుడు పేరు, ఉపయోగం అని రెండే గళ్లు ఉంటాయి. మా ఊళ్లో మూడో గడి మేమే గీసుకున్నాం: ఎప్పుడు ఆపాలి.

ఆ గడి నింపడానికి తాత లేడు. పోయిన మాఘంలో పోయాడు. ఆయన చెప్పినవాటిలో మాకు గుర్తున్నవి పదకొండు మందులకే ఆపే లెక్క. మిగతావాటికి ఖాళీగా వదిలాం. ఊహించి రాయొద్దని పిల్లలకు గట్టిగా చెప్పాను.

మా మేనల్లుడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. రోజూ మాత్ర వేసుకుంటాడు, ఏడాదికోసారి పెద్దాసుపత్రికి పోతాడు. ఒకసారి మాత్ర మానేస్తే మళ్లీ లేచింది, తర్వాత మానలేదు. సెలవులకు వచ్చినప్పుడు బడి పిల్లల్ని కొండ మీదికి తీసుకుపోయేది వాడే. మొన్న చలికాలంలో పిల్లలు రెండు కొమ్మలు విరిచి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒకదాని కాయలు విడివిడిగా వేలాడుతున్నాయి. రెండోదాని కాయలు కొనల దగ్గర అతుక్కుని ఉన్నాయి. రెండో కొమ్మ తెచ్చిన మూడో తరగతి పిల్ల, ఇది మందు కాదు సార్, బొమ్మలది అంది.